ధ వత్తు

కోయిలకుంట్లలో శివజ్యోతి ఒక వారపత్రిక నడుపుతోంది. రిటైరైన తెలుగు అయ్యవారు వీరభద్రప్ప దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, ఆ పూటే ఫోన్ చేసి అచ్చుతప్పులు చెప్పేవారు. పోయిన వారం పని తొందరలో ఉండి, ఆయన మాట పూర్తికాకముందే ఆమె ఫోన్ పెట్టేసింది. మంగళవారం ఆయన చనిపోయారు.

గురువారం రాత్రి ఆఫీసులో ఒంటరిగా కూర్చుని, మూడో పేజీలో ఆయన ఫొటో పెట్టి నాలుగు మాటలు రాసింది. పేజీలు ఇంకా ప్రెస్సుకు పంపలేదు. అప్పుడు ఫోన్ మోగింది.

“మూడో పేజీలో శ్రద్ధాంజలికి ధ వత్తు పెట్టల్లమ్మా. నువ్వు ద వత్తు పెట్టినావు.”

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. కంప్యూటర్లో చూస్తే తప్పు నిజమే. దిద్దింది.

“సార్, పోయిన వారం మీ మాట వినకుండా పెట్టేసినాను. కోపం పెట్టుకోవద్దండి.”

“నీ మీద కోపం యాడిదమ్మా? శానా బాగా రాసినావు.”

ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. “ఇంకేమన్నా తప్పులుండాయా సార్?”

“ఉండు, చూస్తాండా.”

గదిలో ఏ చప్పుడూ లేదు. ఫోన్లో మాత్రం, ఇంకా అచ్చుకాని ఆ పత్రిక పేజీని ఎవరో నెమ్మదిగా తిప్పుతున్న చప్పుడు వినిపించింది.