అవిశ్వాసి ఇంటి సంబంధం

"అవిశ్వాసి ఇంటికి నా బిడ్డను పంపేది లేదు. ఆడికి పోయి ఆ మాట మొహాన చెప్పేసి వస్తా" అంది సెలీనా, కొంగు నడుముకు దోపుకుంటూ.

భర్త సుబ్బన్ తలుపు గడియ తీసి పక్కకు జరిగాడు. పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో రోజంతా మోత విని వచ్చే మనిషి. ఇంట్లో నోరు విప్పే అలవాటు ఎప్పుడో పోయింది. సెలీనాను కట్టుకున్న కొత్తల్లో ఆమె వెళ్లే మేడమీది ప్రార్థన సభలో చేరి, తొట్టి నీళ్లల్లో మునిగి సైమన్‌గా లేచాడు. ఫ్యాక్టరీలో మాత్రం ఈనాటికీ సుబ్బనే.

కూతురు జెమీమా నిన్నటినుంచి గది తలుపు తీయలేదు, అన్నం ముట్టలేదు. పక్క వీధి మునిరత్నం కొడుకు అరుళ్ అంటే దానికి ప్రాణం. కుర్రాడు మంచివాడే. టి. నగర్‌లో కంప్యూటర్ క్లాసులు చెబుతాడు, పెద్దలంటే మర్యాద, సిగరెట్టు వాసన కూడా పడదు. ఇవన్నీ సెలీనా కాదనదు. అయితే ఏం లాభం, పుట్టింది అవిశ్వాసుల ఇంట్లో.

సెలీనా దృష్టిలో మనుషులు రెండే రకాలు. నీళ్లల్లో మునిగి లేచినవాళ్లు, లేవనివాళ్లు. రెండో రకం వాళ్లకోసం ఆమె రోజూ కన్నీళ్లతో ప్రార్థిస్తుంది. కిందింటి చెంగమ్మ కోసం, పాలవాడి కోసం, చిల్లర సరిగ్గా ఇవ్వని బస్సు కండక్టరు కోసం కూడా. జాలి గుండె, కాదనడానికి లేదు. అంత జాలిగుండెకు సొంత కూతురి ఏడుపు వింటుంటే ఎలా ఉంటుంది? రాత్రంతా ఆ గది తలుపు దగ్గరే కూర్చుని ప్రార్థించింది.

మునిరత్నం ఇంట్లో అడుగు పెట్టగానే ఆమె అనుకున్నవన్నీ నిజమయ్యాయి. ఎదురుగోడకు పెద్ద పటం. పటానికి మల్లెదండ. కింద చిన్న ఎర్రబల్బు. ఆమె చప్పున మొహం తిప్పుకుంది. తిప్పుకున్న వైపునుంచి మునిరత్నం భార్య పంకజం కాఫీతో వచ్చింది. చెవులకు కమ్మలు, మెడలో తాళి, జడలో పూలు. మేడమీది సభలో ఆడవాళ్లు చేతికి గాజు కూడా వేయరు. ఇవన్నీ చాలవన్నట్టు బల్లమీద బీపీ మాత్రలు. దేవుణ్ణి నమ్మినవాడికి మాత్రలెందుకు? సెలీనా తలనొప్పికి కూడా ప్రార్థనే వాడుతుంది.

"రామ్మా, కూర్చో" అన్నాడు మునిరత్నం.

"కూర్చునేదానికి రాలేదన్నా. మీరు మంచోళ్లే. కానీ మీకు విశ్వాసం లేదు. నా బిడ్డ ఈ ఇంట్లో ఎట్లా బతుకుతుంది?"

మునిరత్నం నొచ్చుకోలేదు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "నిజమేనమ్మా. ఉండాల్సినంత విశ్వాసం నాకు లేదు. ఏం చేయమంటావో చెప్పు."

సెలీనా దోపుకున్న కొంగు తీసి మళ్లీ దోపుకుంది. పోట్లాటకని ఇల్లు కదిలిన మనిషి, ఈ జవాబుకి తయారై రాలేదు.

"నీళ్లల్లో మునగాల" అంది చివరికి.

"నాకు ఈత రాదు గదమ్మా."

పంకజం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

"సరి, అది తర్వాత చూద్దాం. ఈ ఆదివారం మా సభకు రండి."

"ఆదివారమా? వేరే ఏ రోజైనా వస్తా. ఆ ఒక్కరోజూ పని తప్పించుకునేదానికి కుదరదు."

"చూసినారా? దేవుడి రోజున కూడా పనే. అవిశ్వాసం అంటే ఇంకేందన్నా?"

ఇక వెళ్లిపోదామనుకుంది. తలుపేసుకుని పడుకున్న కూతురు గుర్తొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పోనీ, ప్రార్థనైనా చేస్తారా?"

"నాకు వచ్చినవి కొన్నుండాయి. చెప్పేదా?"

"అవొద్దు. కంఠతా పట్టినవి పనికిరావు. మనసులోంచి రావాల. మోకాళ్లమీద కూర్చోండి, నేను ఏం చెప్తే అదే చెప్పండి."

మునిరత్నం బల్ల పట్టుకుని మెల్లగా మోకరించాడు. ఆయన మనసులోంచి రావలసిన మాటలన్నీ సెలీనా ఒక్కొక్కటే అందిస్తూ పోయింది. ఆయన కళ్లు మూసుకుని బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. అంతా సాఫీగానే సాగింది. జెమీమా పేరు దగ్గరకు వచ్చేసరికి సెలీనాయే ఆగి ఏడ్చేసింది.

ఆమె ఆగినచోట ఆయన అందుకున్నాడు. "ఈ తల్లి దిగులు తీర్చు తండ్రీ. ఆ బిడ్డను మా ఇంటి బిడ్డగా పంపించు. దాని కంట నీరు రాకుండా చూసుకునే బుద్ధి మాకియ్యి."

సెలీనా గట్టిగా ఆమెన్ అంది. కళ్లు తెరిచి కొంగుతో తుడుచుకుంది.

"బాగా చెప్పినారన్నా. మొదటిసారికి ఇంత బాగా ఎవురూ చెప్పింది లేదు."

"నేర్పేవాళ్లు బాగుంటే దానంతటదే వస్తుందమ్మా."

"మాత్రలు కూడా మానేస్తే..."

"అది పంకజాన్ని అడగాల."

కాఫీ తాగింది. చక్కెర కొంచెం ఎక్కువైనా ఏమీ అనలేదు. తిరిగి ఇంటికి వచ్చేటప్పుడు నడకలో ఎక్కడలేని హుషారు.

"దాన్ని లేచి అన్నం తినమను" అంది సుబ్బన్‌తో. "పెళ్లికి ఒప్పుకున్నా. ఆ మనిషిలో విశ్వాసం మొలకెత్తింది. నా చేతులమీదుగానే."

సుబ్బన్ ఏదో అనబోయాడు. పెళ్లాం మొహం చూసి, మళ్లీ నోరు మూసుకుని కూతురి గది తలుపు తట్టాడు.

ఆ ఆదివారం, నీళ్లల్లో ముంచకుండా నెత్తిన చిలకరించి బాప్తిస్మమిచ్చే వీధి చివరి పాత చర్చిలో, అరుళ్‌కూ జెమీమాకూ కుదిరిన పెళ్లి ప్రకటనను, ఏళ్ల తరబడి అక్కడ పాస్టరుగా ఉన్న మునిరత్నమే వేదిక మీదినుంచి చదివి వినిపించాడు.