ఖాళీ జవాబు

ఆమె ల్యాప్‌టాప్‌ను భర్త వైపు తిప్పింది. తెర మీద ఒకే మాట ఉంది: ఖాళీ.

"అంటే?" అన్నాడతను.

"ఆ సాయంత్రం నీ దారీ నాన్న దారీ ఎక్కడా కలవలేదని."

అతను చేతిలోని కప్పు బల్ల మీద పెట్టాడు. ఇంటి ముందు రోడ్డునే తిన్నగా నడిచామనీ, పార్కు గేటు దగ్గర మామయ్యగారు ఉన్నట్టుండి కూలబడ్డారనీ, తన చేతుల్లోనే పోయారనీ ఇన్నాళ్లుగా చెబుతున్నదే మళ్లీ చెప్పాడు. ఆయన చివరిగా అన్న మాట కూడా చెప్పాడు: "అమ్మాయితో చెప్పు, ఇవాళ మోకాలు అసలు నొప్పెట్టలేదని."

ఆ మాటను పట్టుకునే ఆమె బతుకుతోంది. తండ్రి జబ్బుపడి లేచాక, సాయంత్రాలు ఆయన్ను ఒంటరిగా పంపవద్దని భర్తను బతిమాలింది తనే. వాళ్లిద్దరూ కలిసి నడిచిన చివరి దారిని చూసుకోవాలనిపించి, ఆయన కూలబడే దాకా ఇద్దరి ఫోన్లలో నమోదైన నడక గుర్తులను ఆఫీసులో తాను రాసిన ప్రోగ్రాంకు ఇచ్చింది. నేల కింద నీటి పైపులూ కరెంటు తీగలూ ఎక్కడ కలుస్తాయో చెప్పే ప్రోగ్రాం అది. చెదిరిన గుర్తులను రోడ్డు మీదికి సర్ది గీత చేస్తుంది. రెండు గీతలు కలిస్తే ఆ చోట చుక్క పెడుతుంది, లేకపోతే ఖాళీ అంటుంది. సరిచూసుకోవడానికి రోజూ తాను ఆఫీసుకు వెళ్లే దారిని తండ్రి దారితో కలిపి చూస్తే, రెండూ దాటుకునే కూడలిలో చుక్క సరిగ్గా పడింది.

"నీ ప్రోగ్రాం పొరపాటు పడకూడదా?"

"దానికి అబద్ధమాడాల్సిన అవసరమేముంది?"

"నాకుందా?"

అతను నాన్న వెంట లేనే లేడనుకుంది ఆమె. ఎవరో కబురు చేస్తే అప్పుడు పరుగెత్తి ఉంటాడు. వెంట వెళ్లకపోవడాన్నయినా ఏదో ఒక రోజు మర్చిపోయేదేమో. పోయిన మనిషి నోట్లో మాట పెట్టాడే, దాన్నెలా మర్చిపోవడం?

"నువ్వెక్కడికి వెళ్లావో గీసి చూడను. నాకు చూడాలని లేదు," అంది.

అతను బ్యాగు సర్దుకుని వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, మోకాలి మాట అబద్ధం కాదన్నాడు.

ఆ వారమంతా ఆమె ఆఫీసులో తన బల్ల దగ్గర నుంచి లేవలేదు. ప్రోగ్రాంలను పరీక్షించే పెద్దావిడే వచ్చి పక్కన కుర్చీ లాక్కుంది. కోడిగుడ్డుకు ఈకలు పీకుతుందని ఆవిడకు అందరూ పెట్టిన పేరు పేచీ అక్క. ఒక వీధిలో పైపు మీదే తీగ పరిచారట. ప్రోగ్రాం మాత్రం అవి కలవనే లేదంటోందట.

ఆమె విసుగ్గా కోడ్ తెరిచింది. రెండు గీతలూ ఒకే దిక్కుగా పోతుంటే లెక్క కట్టకుండానే ఖాళీ అనమని తానే రాసింది.

"పక్కపక్కన పోయే రైలు పట్టాలు కలవవు కదక్కా."

"పట్టాలు కలవవు, నిజమే. అదే పట్టా మీద ఇంకో పట్టా పెడితే?"

"అప్పుడు చుక్క ఎక్కడని పెట్టను?"

"చుక్కెందుకే పిల్లా? ఆ గీతే జవాబు."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చుక్క, ఖాళీల పక్కన మూడో జవాబుగా గీతను చేర్చింది. ఆ వీధి సరిగ్గా వచ్చింది. పాత లెక్కలన్నీ మళ్లీ వేసి చూడమని చెప్పి పేచీ అక్క టీకి వెళ్లింది.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. పాత లెక్కల్లో ఒక్కటే తెరిచింది, ఆ సాయంత్రపు రెండు దారులది.

ఇంటి గుమ్మం నుంచి పార్కు గేటు దాకా గీత పడింది.