ఏడో ట్యూబు

శుక్రవారం సాయంత్రంలోగా ఫలితం తేలకపోతే నెల్స్ ఉద్యోగం ఈ నెలతో సరి.

మూడేళ్ళుగా అతను ఈస్ట్ కణాలతో కుస్తీ పడుతున్నాడు. ఈస్ట్ మైటోకాండ్రియాలోకి కాల్షియం దూరడానికి పుట్టుకతోనే తలుపు లేదు. నెల్స్ జిగురు బూజు అనే జీవి నుంచి తలుపు ప్రోటీను ఒకటి తెచ్చి అందులో బిగించాడు. దానికి కాపలాగా ఇంకో ప్రోటీను పెట్టాడు. కాపలా ఉంటే కాల్షియం లోపలికి పోదు, లేకపోతే పోయి, అక్కడ కలిపిన రంగు ఆకుపచ్చగా మెరుస్తుందని అతని వాదన. మిన్నెసోటా మొత్తంలో దాన్ని నమ్మినవాడు అతనొక్కడే. భార్య కూడా మర్యాదకే తలూపేది.

"ట్యూబుల మీద పేర్లుండవు, అంకెలే" అంది ఆర్లీన్. ముప్ఫై ఏళ్ళుగా ఆ ల్యాబును నడిపిస్తున్న టెక్నీషియన్ ఆమె. "ఏది ఏమిటో నా కవర్లో ఉంటుంది. చూసేవాడికి చెప్పం. ఇక్కడి పద్ధతది."

"నా కళ్ళ మీద నమ్మకం లేదా మీకు?"

"కళ్ళ మీద ఉంది నాయనా. నీ ఆత్రం మీదే లేదు."

మొత్తం పన్నెండు ట్యూబులు. కాపలా లేనివి ఆరు, ఉన్నవి ఆరు. ఆ ప్లాను రాసింది నెల్సే.

మైక్రోస్కోపుకు కళ్ళు అతికించి కూర్చున్నాడు. మొదట అన్నీ ఒకేలా మసగ్గా కనిపించాయి. కాఫీ తాగొచ్చాక తేడా తెలిసింది. రెండోది మెరిసింది. నాలుగోది ఇంకా బాగా మెరిసింది. చివరికి లెక్క చూస్తే మెరిసినవి అయిదే. ఒకటి తగ్గింది. ఏడోదాన్ని మళ్ళీ పెట్టి, ఆర్లీన్ చూస్తుండగానే, పావుగంట రెప్ప వేయకుండా చూశాడు. అదీ మెరిసింది. తన ఓపికకు తనే ముచ్చటపడ్డాడు.

కవరు విప్పకముందే ప్రొఫెసర్ విట్‌కమ్‌కు ఈమెయిల్ కొట్టాడు. అందరికీ లెమన్ బార్లనే నిమ్మకాయ మిఠాయి తెప్పించాడు. నాలుగింటికల్లా ల్యాబంతా చేరింది.

"ఇది నిజమైతే నిన్ను ఇంకో రెండేళ్ళు భరిస్తాను" అంది ప్రొఫెసర్, లెమన్ బార్ కొరుకుతూ.

"నిజమైతే ఏంటండీ? చిన్నపిల్లాణ్ణి కూచోబెట్టినా చెప్తాడు."

"ఖాయమేనా?" ఆర్లీన్ అడిగింది. "ఏడోది కూడా?"

"అదైతే దీపంలా వెలుగుతోంది."

ఆర్లీన్ ఒక లెమన్ బార్ ప్లేట్లో పెట్టి అతని ముందుకు జరిపింది. తర్వాత కవరు అందించింది.

నెల్స్ గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాడు.

"ముందు నీ కళ్ళను పరీక్షిద్దామని, నీ ట్యూబులు ఫ్రిజ్‌లోనే ఉంచి, ఈ పన్నెండింటిలోనూ ఒకే సీసాలోంచి తలుపే లేని మామూలు ఈస్ట్ పోశాను."