కారం సేమియా

రెండో ప్రపంచ యుద్ధంలో చైనా దాకా లారీలు తోలిన అంతోని గురజాల తిరిగొచ్చాడు. తోడు వెళ్లిన మౌలాలీ రాలేదు.

మౌలాలీ ఏడాది ఫాతెహాకు తల్లి ఖాతూన్ బీ అంతోనిని పిలిచి, ఆ చివరి రోజు సంగతి మళ్లీ చెప్పమంది.

"పొద్దున వంపు కప్పుల పాతగుడి చూశాం పిన్నమ్మా. ఆనక మబ్బులు తాకే కొండెక్కాం. దిగేటప్పుడు మౌలాలీ తోలతన్నాడు. లారీ లోయలో పడింది."

ఫాతెహాకు పోయినవాళ్లకు ఇష్టమైనదే వండుతారు. ఆమె పళ్లెం మీది గుడ్డ తీసింది. తీపి సేమియా కాదు, ఎర్రటి కారం పులుసులో తేలుతున్న సేమియా.

కొండ మీద వాళ్లిద్దరూ తిన్నది అదే. ఆ సంగతి అంతోని ఎవరికీ చెప్పలేదు.

"ఇది నీకెవరు చెప్పారు?"

"కలలోకొచ్చి మావాడే అడిగాడురా. తిన్నాక బండి నువ్వు తోలావంటగా?"