వెనకనుంచి వచ్చే గాలి

కారులో వీధి చివరిదాకా వెళ్లొచ్చేసరికి అమ్మ దగ్గుతో మెలికలు తిరిగిపోయింది.

"చాల్రా నాయనా! మీ నాన్నతో తిరిగినప్పుడు ఇంత పొగ లేదు" అంటూ దిగి, షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్లింది.

స్టీరింగ్ ముందున్న మెకానిక్ ఉసూరుమన్నాడు. టాపు లేని ఆ పాత స్పోర్ట్స్ కారు తన తండ్రిది. కొన్నవాళ్లు రేపొచ్చి తీసుకెళ్లిపోతారు. ఈలోగా ఒక్కసారి అందులో వంతెన దాకా వెళ్లాలని అమ్మ కోరిక.

సైలెన్సర్ రెండుసార్లు మార్చాడు. పొగ మాత్రం పోలేదు.

"బాబూ, పొగ కిందనుంచి కాదు. వెనకనుంచి వస్తోంది."

పంక్చరైన సైకిలుతో గేటు దగ్గర ఓ ముసలాయన.

"ముందుకెళ్లే కారులోకి వెనకనుంచి గాలా? పొద్దున్నే పుచ్చుకున్నావా తాతా?"

ముసలాయన నవ్వాడు. మెడలోని చిరుగుల మఫ్లర్ నుంచి నాలుగు ఎర్ర పోగులు లాగి, సీట్ల వెనక కట్టాడు.

"కారు నడిపి చూడు. ఇవి నీ మెడవైపే వంగుతాయి. ముందద్దం దాటిన గాలి ఇక్కడ సుడి తిరిగి పొగని లాక్కొస్తుంది. సీట్ల వెనక జానెడు అద్దం నిలబెట్టు. పొగగొట్టాన్ని బంపర్ దాటించు."

"గాలి నాడి పట్టడంలో మా నాన్నని మించినోడు లేడు. ఆయన కారుకి నువ్వా వైద్యం చెప్పేది? తాతకి దగ్గులు నేర్పినట్టుంది!"

ముసలాయన కారు తలుపు మీద కాసేపు అరచెయ్యి ఆనించి, సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు.

అబద్ధమని తేల్చేద్దామని మెకానిక్ కారు తీశాడు. పోగులు నాలుగూ అతని మెడవైపే వంగాయి.

షెడ్డుకి తిరిగొచ్చి గొట్టం పొడిగించాడు. అద్దం బిగించడానికి డ్రిల్లు పెడితే, పుట్టీ రాలి అక్కడ నాలుగు పాత చిల్లులు బయటపడ్డాయి. మొన్న రంగు వేయించేటప్పుడు, అందం చెడుతోందని పాత అద్దం పీకించి, పుట్టీతో పూడ్పించింది తనే.

సాయంత్రం వంతెన దాకా వెళ్లినా అమ్మ దగ్గలేదు. కొప్పు చెదరలేదు.

"అచ్చం అప్పటిలాగే ఉందిరా!" అంటూ వెనక్కి వాలబోయి, పోగుల్ని చూసింది. "ఇవెక్కడివి?"

"ఎవరో ముసలాయన మఫ్లర్‌వి. తరిమేసినంత పని చేశాను."

"ఎటు వెళ్లాడు?"

"తెలీదమ్మా."

అమ్మ ఓ పోగుని వేలికి చుట్టుకుంది.

"నువ్వు కడుపులో ఉండగా ఈ పొగకి నేను అల్లాడిపోతుంటే, ఈ ఉపాయం కనిపెట్టి, పేరంతా మీ నాన్నకే వదిలేసిన జతగాడు ఒకాయన ఉండేవాడు. ఆయనకి నేను అల్లిచ్చిన మఫ్లర్‌రా అది."