కటింగ్ మెషిన్‌కి ఏ నూనె

"మళ్లీ కొబ్బరినూనె పోశారెవరమ్మా ఇందులో?" అన్నాను, నా రిపేరు బల్ల మీద కటింగ్ మెషిన్ విప్పుతూ.

"మా ఆయన, బాబాయ్. ఆయనకి అదే అలవాటు," అంది సెలూన్ నడిపే అమ్మాయి.

నూనెలన్నీ ఒకటే అనుకుంటారు జనం. నేనూ ఒకప్పుడు గోడ గడియారానికి ఆముదం పెట్టినవాణ్నే, ఆ కథ వేరే. తలకు రాసే నూనె బ్లేడు పళ్ల మధ్య జిగురై కూర్చుంటుంది. అప్పుడు మెషిన్ జుట్టును కత్తిరించదు, పీకుతుంది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేస్తే చాలు.

"సగం గిరాకీ పక్క షాపుకి పోయింది బాబాయ్."

"అయితే ఆయనకి గట్టిగా చెప్పు."

"బతికున్నప్పుడే నా మాట వినలేదు. పోయి రెండేళ్లయ్యాక వింటాడా?"

ఆ పిల్ల నవ్వలేదు. సాయంత్రం తుడిచి పెట్టిన మెషిన్ పొద్దున షాపు తెరిచేసరికి కొబ్బరినూనెతో తడిసి ఉంటుందట. తాళంచెవి ఒక్కటే, అది తన దగ్గరే ఉంటుందట.

పెద్దవాణ్ని కదా అని ఒక చీటీ రాసి మెషిన్ పెట్టెలో పెట్టాను: "బాబూ, ఇక నువ్వు నూనె వెయ్యకు. అమ్మాయి చూసుకుంటుంది."

నెల తర్వాత మెషిన్ పెట్టె పట్టుకుని మళ్లీ వచ్చింది ఆ అమ్మాయి. మెషిన్ హాయిగా తిరుగుతోంది. పోయిన గిరాకీ కూడా తిరిగొచ్చిందట. ఆమె కళ్లు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

"మీ మాట విన్నాడు బాబాయ్. రావడమే మానేశాడు."

పెట్టెలోని చీటీ తీసి, తిరగేసి రాశాను: "కొబ్బరినూనే వేసుకో బాబూ. శుభ్రం చెయ్యడానికి నేనున్నాను."