స్నానాల నీళ్ల కనకాంబరాలు

గురునాథం మాస్టారు రిటైరయ్యాక పెరట్లో వరసగా గుంటలు తవ్వించి కంకర, బొగ్గు, ఇసుక పోయించారు.

ఇంట్లో స్నానాలు చేసిన నీళ్లన్నీ వాటిగుండా నడిచి, చివరికి తేటగా కనకాంబరాల మడిలోకి చేరేవి.

సత్తెనపల్లిలో కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికెరుక అన్న ఎండాకాలంలోనూ ఆ మడి మాత్రం కలలో చూసినట్టు పూసి ఉండేది.

ఆయన భార్య బాలత్రిపురసుందరికి ఆ పూలంటే కంపరం. అర్చకుల ఇంటి ఆడపడుచాయె. ఒళ్లు కడిగిన నీళ్లతో పూసిన పువ్వు దేవుడికెలా పెడుతుంది?

“శంఖంలో పోస్తే తీర్థమైన నీళ్లు, ఇసుకలో పోస్తే శుభ్రం కావటే?” అనేవారు మాస్టారు.

ఆవిడ మూతి తిప్పుకునేది.

అందుకే ఓ ముసలామె వచ్చి పూలు కోసుకుంటానంటే, పీడ వదిలిందనుకుని ఒప్పుకుంది.

తెల్లవారుజామున మసక వెలుతుర్లో ఆమె అడుగుల చప్పుడే వినపడేది కాదు. చేతులు కడుక్కుని, రెమ్మ కదలకుండా కోసుకుని, మడికి ఓ దణ్ణం పెట్టి పోయేది.

బజార్లో అమ్ముకుంటుందిలే అనుకుంది బాలత్రిపురసుందరి. ఊరూ పేరూ అడగలేదు.

ఆ వేసవిలో ఆడబిడ్డ వచ్చి, పెరడు చూసి ముక్కుమీద వేలేసుకుంది. స్నానాల నీళ్లు మళ్లీ వాడతారని నలుగురికీ తెలిస్తే పరువేం కాను అంది.

ఆ మాట బాలత్రిపురసుందరికి గుచ్చుకుంది. మర్నాడే మనిషిని పిలిపించి స్నానాల నీళ్ల గొట్టం వీధి కాలవలోకి తిప్పించేసింది. మాస్టారు ఆ పూట అన్నం సరిగా తినలేదు.

కొద్దిరోజులకే మడి నెర్రెలిచ్చింది.

ముసలామె ఎండిన మట్టిమీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది.

“ఇంక నీళ్లు రావామ్మా?”

“రావు. బజార్లో కొని అమ్ముకో.”

ఆమె నవ్వినట్టే ఉంది. ఖాళీ బుట్టతో వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

శుక్రవారం అలవాటుగా బాలత్రిపురసుందరి అమ్మవారి గుడికి వెళ్లింది. అమ్మవారి మెడ బోసిగా ఉంది. చేతిలో పెట్టే ప్రసాదం పువ్వూ లేదు. ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

దండ ఏదని పూజారి రఘురామ్‌ని అడిగింది.

“కట్టే మామ్మ వేటపాలెంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందండి. పైసా పుచ్చుకునేది కాదు. ఎవరి పెరట్లోనో కనకాంబరాలు కోసుకొచ్చేది, ఆ మడి ఎండిపోయిందట. వట్టి చేతులతో అమ్మ ముందుకి రాలేనంది.”

బాలత్రిపురసుందరి చెయ్యి కొప్పుమీదికి పోయింది.

తను పూలమ్మి అనుకున్న మనిషే ఇన్నాళ్లూ అమ్మవారికి దండ కట్టింది. శుక్రవారం శుక్రవారం తను కళ్లకద్దుకుని కొప్పులో తురుముకున్నది తన పెరటి పువ్వే.